లిథియం అట్ట కోసం వచ్చేవాణ్ని ఒక్క మాట అడగండి

గుంటూరు నగరంలోని మందుల షాపుల యజమానులకు, ఫార్మసిస్టులకు, ముఖ్యంగా కౌంటరు దగ్గర నిలబడి చీటీ చదివే కుర్రాళ్లకు,

అయ్యా,

నేను మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాసే గుమాస్తాని. వయసు యాభై. నాకు బైపోలార్ అనే జబ్బుంది, మనసు కొన్నాళ్లు పట్టరాని హుషారులోకి ఎగిరి, కొన్నాళ్లు దిగులులోకి పడిపోయే జబ్బు. దానికి 2003 నుంచి లిథియం బిళ్లలు వాడుతున్నాను, మధ్యలో ఒకసారి మానేసిన రోజులు తప్ప. ఆ మానేసిన సంగతి కూడా ఈ ఉత్తరంలో వస్తుంది.

ఇలాంటి ఉత్తరాలు మామూలుగా కలెక్టరుగారికో ఆరోగ్య మంత్రిగారికో రాస్తారు. నేను మీకు రాస్తున్నాను. మా డాక్టరుగారు నన్ను మూడు నెలలకోసారి పది నిమిషాలు చూస్తారు. మీరు నెలనెలా చూస్తారు. వెనక్కి తిరిగి లెక్క వేసుకుంటే, నా జబ్బు కొత్త మలుపు తిరిగిన మూడుసార్లూ అది ఏదో ఒక మందుల కొట్టు కౌంటరు దగ్గరే తిరిగింది. ఆ మూడింట్లోనూ నా తప్పు ఉంది, అదీ దాచను. ఏ కొట్టు పేరూ రాయను. కోపం తీర్చుకోవడానికి కూర్చున్నవాణ్ని కాదు.

జబ్బు గురించి రెండు ముక్కలు. పాత డాక్టర్లు దీన్ని ఎండీపీ (మానిక్ డిప్రెసివ్ సైకోసిస్) అనేవారు. పేపర్లలో ద్విధ్రువ రుగ్మత అని రాస్తుంటారు, అది చదివినప్పుడల్లా నాకు ఆరో తరగతి భూగోళం పుస్తకం గుర్తొస్తుంది. మా ఇంట్లో దానికి పేరే లేదు. మా ఆవిడ "ఎక్కువైంది" అంటుంది, లేకపోతే "దిగిపోయాడు" అంటుంది. అంతకంటే బాగా చెప్పినవాళ్లను నేను చూడలేదు. మామూలుగా ఉండే రోజులే ఎక్కువ, ఆ రోజుల్లో నేను మీలాంటి మనిషినే.

2002లో, మా అమ్మాయి పుట్టిన ఏడాది, వానాకాలంలో నేను దిగిపోయాను. నిద్ర తెల్లవారుజామున మూడింటికే వదిలేసేది, కానీ లేవడానికి తొమ్మిదయ్యేది. పళ్లు తోముకోవడం పెద్ద పనిలా ఉండేది. పసిదాన్ని ఒళ్లో పెడితే దాని బరువు తెలిసేది గానీ ఇంకేమీ తెలిసేది కాదు. వీధి చివర ఆర్‌ఎంపీ బలానికి ఇంజెక్షన్లు పొడిచాడు. తర్వాత ఒక పెద్ద డాక్టరు దిగులు తగ్గడానికి బిళ్లలు రాశారు, నెల తర్వాత రమ్మన్నారు. నేను వెళ్లలేదు. కొట్టుకి వెళ్లాను. పాత చీటీ చూపించాను, అట్టలు ఇచ్చారు. మళ్లీ నెల అదే చీటీ, అవే అట్టలు. అలా ఆరు నెలలు. చీటీ మడతల దగ్గర చిరిగిపోతే కౌంటరు దగ్గరున్నాయనే పాపం వెనక ప్లాస్టరు అంటించి ఇచ్చాడు.

మీకు తెలిసే ఉంటుంది, బైపోలార్ ఉన్నవాడికి దిగులు మందు ఒక్కటే ఇచ్చి, మూడ్ నిలబెట్టే మందు తోడు లేకపోతే, మనిషి అటు చివరికి ఎగిరే ప్రమాదం ఉంది. నాకు బైపోలార్ ఉందని అప్పటికి నాకూ తెలియదు, డాక్టరుకీ తెలియదు. నెల తర్వాత వెళ్లి ఉంటే ఆయన కనిపెట్టేవారేమో. నేను వెళ్లకుండా ఉండటానికి ఆ చీటీ సాయం చేసింది.

2003 మార్చి. యార్డు కిటకిటలాడే రోజులు. నాకు నిద్ర అక్కర్లేకుండా పోయింది. మూడు రాత్రులు. తెల్లారక ముందే యార్డుకి వెళ్లి, గేటు దగ్గర బళ్ల మీద పడుకున్న రైతుల్ని లేపి, మీ తేజా రకం మిర్చికి మార్కెట్టు కంటే క్వింటాలుకి వెయ్యి ఎక్కువ ఇప్పిస్తానని మాటిచ్చాను. మాటతో ఆగితే బాగుండు, షావుకారుగారి లెటర్‌హెడ్ మీద సంతకాలు చేసి ఇచ్చాను. ఆరు వందల టిక్కీలకి, అంటే మిర్చి బస్తాలకి. మలేషియాకి నేరుగా పంపే పథకం నా బుర్రలో అంత స్పష్టంగా ఉంది మరి. హమాలీలందరికీ మైసూరుపాకు పంచాను. ఎవడైనా అడ్డం మాట్లాడితే వాడి తెలివితక్కువతనం మీద జాలి పడ్డాను. షావుకారుగారు నన్ను కొట్టలేదు, పోలీసులకి ఇవ్వలేదు. ఆయన తమ్ముడికీ ఇలాంటిదేదో ఉండేదట. నన్ను కార్లో కూర్చోబెట్టుకుని మనసు డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లారు. ఆ ఆరు వందల టిక్కీల వ్యవహారం సర్దడానికి ఆయనకి ఎంత పట్టిందో ఇప్పటికీ నాకు చెప్పలేదు. అడిగితే "రాసెయ్, ధర్మ ఖాతా" అంటారు.

అప్పుడు మొదలైంది లిథియం. దాని కథ మీ పిల్లలకి ఒకసారి చెప్పండి, బాగుంటుంది. అది ఏదో కంపెనీ కనిపెట్టిన రసాయనం కాదు, రాళ్లలో దొరికే లోహం. దాని ఉప్పును ఉన్మాదం ఉన్న రోగులకి ఇచ్చి చూసినవాడు జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు. 1949లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆయన మొదటి రోగికి యాభై ఒక్కేళ్లు, అయిదేళ్లుగా ఆసుపత్రిలో అరుస్తూ తిరిగే మనిషి. లిథియం మొదలుపెట్టిన కొన్ని నెలలకి ఇంటికెళ్లి, పాత ఉద్యోగంలో చేరాడు. ఆ తర్వాత బాగానే ఉన్నాను కదా అని మందు మానేశాడు. జబ్బు తిరగబెట్టింది. మళ్లీ మొదలుపెట్టారు. 1950లో అదే లిథియం ఒంట్లో ఎక్కువై చనిపోయాడు, ఎందుకంటే రక్తంలో అది ఎంత ఉందో చూసే పద్ధతి అప్పటికి అక్కడ వాడుకలోకి రాలేదు. నేనిది చదివి కాసేపు పుస్తకం మూసేశాను. ఈ మందు తొలి రోగికి జరిగిన రెండు పొరపాట్లూ, మానేయడమూ ఎక్కువైపోవడమూ, గుంటూరులో నాకూ జరిగాయి. ఆయనకీ నాకూ తేడా ఒక రక్తపరీక్ష.

మానేసిన సంగతి. 2009. అప్పటికి ఆరేళ్లు నిమ్మళంగా గడిచాయి. నేను మామూలుగా వెళ్లే కొట్లో "స్టాకు లేదండీ, ఎల్లుండి వస్తుంది" అన్నారు. ఎల్లుండి వెళ్తే సోమవారం అన్నారు. ఇంకో రెండు కొట్లు తిరిగాను. ఒకచోట అసలు పెట్టం అన్నారు. ఇంకోచోట ఒకాయన "అది పిచ్చోళ్ల మందు కదా, ఎవరికి?" అని గట్టిగా అడిగాడు. నా వెనక మా యార్డు మనిషి దగ్గు మందు కోసం నిలబడి ఉన్నాడు. "మా బంధువొకాయనకి" అన్నాను. తర్వాత ఆ వీధిలోకి చాలా ఏళ్లు వెళ్లలేదు.

ఇక్కడ నా తప్పు. కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య ఇన్ని కొట్లున్నాయి, పోయి కొనుక్కోవచ్చు. గంట పని. కానీ అప్పటికి పది రోజులైంది, నాకేమీ కాలేదు. పైగా చేతి వణుకు తగ్గింది, నోరు ఎండటం తగ్గింది, లెక్కలు చకచకా తేలుతున్నాయి. దేవుడే స్టాకు లేకుండా చేశాడనుకున్నాను. లిథియం ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు ఊరికే తిరిగి రావడం కాదు, విసురుగా వస్తుంది. మెల్లగా తగ్గించి ఆపినదానికీ దీనికీ చాలా తేడా. నాకు ఏడో వారంలో వచ్చింది. ఆ కథ మళ్లీ చెప్పను, మార్చి 2003 లాంటిదే, మైసూరుపాకు బదులు మోటారు సైకిలు. తర్వాత దిగిన దిగుడు మాత్రం తొమ్మిది నెలలుంది. బతకడం ఎందుకన్న ఆలోచన పక్క మీద నా పక్కనే పడుకున్నట్టుండేది. లిథియం ఆత్మహత్యల్ని తగ్గిస్తుందని డాక్టరుగారు తర్వాత చెప్పారు. అంటే నేను మానేసింది లెక్కలు మందగించే బిళ్ల ఒక్కటే కాదన్నమాట.

స్టాకు ఎందుకుండదో నాకు తెలియక కాదు. నేనూ వ్యాపారం దగ్గర బతికేవాణ్నే. మూడు వందల మిల్లీగ్రాముల లిథియం పది బిళ్లల అట్ట ధర ఒక ప్లేటు మిర్చి బజ్జీలంత కూడా ఉండదు. అత్యవసర మందుల జాబితాలో ఉంది కాబట్టి ఇంతకు మించి అమ్మకూడదని ప్రభుత్వం ధర కట్టేసింది. మీకు అట్టకి మిగిలేది చిల్లర. నెలకి ఇద్దరో ముగ్గురో అడిగే సరుకు. తేదీ దాటితే నష్టం. మా కొట్లో అయినా అలాంటి సరుకు ముందు వరసలో పెట్టం. కానీ ఒక్క తేడా ఉంది. తేజా దొరక్కపోతే బాడిగ రకం మిర్చి కొంటారు. లిథియం దొరక్కపోతే దాని బదులు ఇంకోటి ఇవ్వడానికి లేదు. మామూలు బిళ్ల బదులు నెమ్మదిగా కరిగే ఎస్‌ఆర్ బిళ్ల ఇవ్వడానికి కూడా లేదు. పవరు వేరు, కరిగే తీరు వేరు. "ఇదీ అదే మందండీ, విరిచి వేసుకోండి" అని ఒకబ్బాయి నాతో అన్నాడు. ఎస్‌ఆర్ బిళ్ల నలిపి మింగితే అది మెల్లగా కరగాల్సిన పద్ధతే పోతుంది.

కాబట్టి అడిగేది చిన్నది. మీ దగ్గర నెలనెలా లిథియం కొనేవాళ్లు ఎవరో మీకు తెలుసు. వాళ్ల లెక్కన ఒక్క నెల సరుకు ఎప్పుడూ ముందు ఉంచండి. లేకపోతే "లేదు" అని ఊరుకోకుండా ఎక్కడుందో ఫోను చేసి చెప్పండి. బ్రాడీపేటలో ఒక పెద్దాయన నాకోసం రెండట్టలు రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పక్కన పెడతారు. వాటి మీద నా పేరుండదు, "యార్డు" అని రాసి ఉంటుంది. 2010 నుంచి అదే పద్ధతి. కరోనా లాక్‌డౌన్‌లో కూడా నాకు ఒక్క పూట తప్పలేదంటే ఆయన చలవే.

ఇక మూడోది. దీనికోసమే అసలు ఈ ఉత్తరం.

2024 మే. యార్డుకి ఎండాకాలం సెలవులు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఏడు నా కిడ్నీలు పగిలేంత పనైంది. అంతకు మూడు వారాల ముందు నాకు బీపీ ఉందని ఒక డాక్టరుగారు బిళ్ల రాశారు. టెల్మిసార్టాన్, దాంట్లోనే ఒంట్లో నీరు తీసే మందు కలిపి ఉంది. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని ఆయన అడిగారు. నేను లేదన్నాను. మనసు మందు వాడుతున్నానని కొత్త మనిషికి చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ల తర్వాత కూడా నోరు రాలేదు. ఉప్పు బాగా తగ్గించమన్నారు. మా ఆవిడ ఆ రోజే ఆవకాయ జాడీ అటక ఎక్కించింది.

తర్వాత మా బావమరిది ఇల్లు మారుతుంటే బీరువా పట్టబోయి నడుం పట్టేసింది. కొట్టుకెళ్లి నడుం నొప్పి అన్నాను. చీటీ అడగలేదు. ఎసిక్లోఫినాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్లలు పది కత్తిరించి ఇచ్చాడు, పూటకొకటి అన్నాడు. అదే కౌంటరు దగ్గర, అదే చీటీ సంచీలో, అదే చేత్తో ఆ నెల లిథియం అట్టలు కూడా ఇచ్చాడు. లిథియానికి చీటీ చూశాడు. నొప్పి బిళ్లకి చూడలేదు. రెండూ షెడ్యూల్ హెచ్ మందులే, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడనివి, నాకంటే మీకు బాగా తెలుసు.

ఏం జరుగుతుందో మా డాక్టరుగారు తర్వాత చెప్పారు, నేను నా భాషలో చెప్తాను. లిథియం ఒంట్లోంచి బయటికి పోయే దారి దాదాపుగా కిడ్నీ ఒక్కటే. కిడ్నీకి ఉప్పుకీ లిథియానికీ తేడా సరిగా తెలియదు. ఒంట్లో ఉప్పు తగ్గినా, చెమట రూపంలో పోయినా, వాంతులూ విరేచనాలూ అయినా, కిడ్నీ కంగారు పడి ఉప్పును బయటికి పోనివ్వకుండా పట్టుకుంటుంది. ఆ పట్టుకోవడంలో లిథియాన్ని కూడా పట్టుకుంటుంది. నీరు తీసే మందు చేసేదీ చివరికి అదే. టెల్మిసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులు ఇంకో దారిలో అదే పని చేస్తాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్నే తగ్గిస్తాయి. మా కొట్టు భాషలో అయితే, రోజూ జమ పడుతూనే ఉంది, ఖర్చు రాయడం ఆగిపోయింది. నిల్వ పెరక్క ఏం చేస్తుంది?

నాలుగో రోజు విరేచనాలు. ఎండదెబ్బ అనుకున్నాం. కొట్టుకి మా అమ్మాయిని పంపితే విరేచనాలు ఆగే బిళ్లలు తెచ్చింది. అయిదో రోజు కడుపులో తిప్పు, కాళ్లు తేలిపోవడం. ఆరో రోజు పొద్దున నేను ఖాతా పుస్తకం ముందేసుకు కూర్చున్నాను, సెలవుల్లో పాత లెక్కలు తిరగరాసుకునే అలవాటుంది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లిథియం వాడేవాళ్ల చేతికి చిన్న వణుకు ఉంటుంది. నా ఎనిమిది అంకె ఇరవై ఏళ్లుగా కొంచెం అలల్లాగే ఉంటుంది, ఆ ఎనిమిదిని బట్టి యార్డులో నా రాత ఎవరైనా పోలుస్తారు. ఆ రోజు ఎనిమిది రాయబోతే కలం కాగితం మీద మూడంగుళాలు కొట్టుకుపోయింది. మళ్లీ రాశాను. పక్క గడిలోకి దూకింది. మజ్జిగ గ్లాసు నోటి దాకా రాకుండానే చొక్కా మీద ఒలికింది. అమ్మాయిని పిలవబోతే మాట ముద్దముద్దగా వచ్చింది. ఎదురింటాయన గుమ్మంలోంచి చూసి "పొద్దున్నే మొదలెట్టాడా?" అన్నాడట. నేను తాగను.

అమ్మాయి ఆ పుస్తకం చూసింది. దానికి నా ఎనిమిది తెలుసు. ఆటోలో ఎక్కించి తీసుకెళ్లింది, మందుల సంచీ మొత్తం ఒళ్లో పెట్టుకుని. ఆసుపత్రిలో సంచీ బల్ల మీద బోర్లిస్తే డ్యూటీ డాక్టరమ్మ అట్టలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, నొప్పి బిళ్లలూ బీపీ బిళ్లలూ లిథియం పక్కపక్కన పెట్టి, ఏమీ అనకుండా రక్తం తియ్యమంది. రక్తంలో లిథియం నాకు మామూలుగా 0.7 ఉండాలి. 0.6 నుంచి 1.0 మధ్య ఉంటే మంచిది, 1.5 దాటితే విషం. నాకు 2.3 వచ్చింది. అయిదు రోజులు సెలైన్. కిడ్నీ లెక్క పాడై, మళ్లీ దారికొచ్చింది. కొందరికి రాదట, నడకా మాటా అలాగే మిగిలిపోతాయట. ఇప్పుడు బీపీకి ఎమ్లోడిపిన్ వాడుతున్నాను, నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే. ఆవకాయ కిందికి దిగింది, రోజూ ఒకే లెక్కన తినమన్నారు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు మానెయ్యడం కూడదట.

ఎవరిని తప్పు పట్టాలి? దాచినవాణ్ని నేను. మందు రాసిన డాక్టరుకి తెలియదు. కానీ అయ్యా, ఈ మొత్తం కథలో నా మందులన్నీ ఒకేచోట చూసింది ఇద్దరే. ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మ, అంతకు ముందు మీ కౌంటరు. నా లిథియం సంగతి దాచడానికి కుదరనిది మీ దగ్గర మాత్రమే, ఎందుకంటే అది మీ దగ్గరే కొంటాను. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. లిథియం అట్ట ఇచ్చేటప్పుడు ఒక్క మాట: "నొప్పి బిళ్లలు గానీ బీపీ బిళ్లలు గానీ ఏమైనా వాడుతున్నారా?" నొప్పి బిళ్ల అడిగినవాణ్ని ఒక్క మాట: "రోజూ వేసుకునే మందులు ఏమున్నాయి?" మెల్లగా అడగండి. వెనక నిలబడ్డవాళ్లకి వినిపించకుండా. పిచ్చి మందు అనే మాట మీ కొట్లో ఎవరూ అనకుండా చూడండి. నేను 2009లో ఒక వీధి మానేశాను, కొందరు ఆ మాటకి మందే మానేస్తారు.

ఎండాకాలంలో లిథియం వాడేవాళ్లెవరైనా వాంతులూ విరేచనాలూ అంటూ వస్తే, ఆగే బిళ్లలు ఇచ్చి పంపించకండి. ఓఆర్‌ఎస్ ఇవ్వండి, ఆ పూట లిథియం ఆపి వెంటనే డాక్టరుకి ఫోను చెయ్యమనండి. నడక తూలుతుంటే ఆటో పిలిచి ఆసుపత్రికి పంపండి. తాగొచ్చాడనుకోకండి.

ఈ జబ్బుకి లిథియం ఒక్కటే కాదు, మిగతావి కూడా మీ అరల్లో ఉన్నాయి. వాల్‌ప్రోయేట్ పాత చీటీతో కొత్తగా పెళ్లయిన అమ్మాయి వస్తే అట్ట కత్తిరించే ముందు ఆలోచించండి. కడుపుతో ఉన్నప్పుడు అది వాడితే పదిమంది పిల్లల్లో ఒకరికి పుట్టుకతో పెద్ద లోపం రావచ్చు, తెలివితేటలు ఎదగడంలో ఇబ్బంది ఇంకా ఎక్కువమందికి. అలాగని "మానెయ్యమ్మా" అని మీరే చెప్పెయ్యకండి, ఉన్నపళంగా మానేస్తే ఏమవుతుందో పైన రాశాను. డాక్టరు దగ్గరికి వెంటనే పంపండి. లామోట్రిజిన్ ఇరవై అయిదుతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచుతారు, ఇరవై అయిదు లేదని వంద ఇవ్వడం సరుకు మార్చడం కాదు, ఒంటి మీద ప్రాణం తీసే దద్దుర్లు తెచ్చే పని. వారం రోజులు మానేసి మళ్లీ అదే పవరు అడిగినా డాక్టరుని అడగమనండి.

మీలో కొందరి కొట్ల పక్కనే రక్తం తీసే కలెక్షన్ సెంటర్లున్నాయి. వాళ్లకి ఒక మాట. లిథియం పరీక్షకి రాత్రి బిళ్ల వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం తియ్యాలి, పొద్దున బిళ్ల వేసుకోకముందు. ఒకసారి ఒకమ్మాయి నా రక్తం ఆకుపచ్చ మూత గొట్టంలోకి తియ్యబోయింది. ఆ గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వేసే మందే లిథియం హెపారిన్. దాంట్లో తీస్తే బక్కెట్లో ఉప్పు కలిపి, ఉప్పెంతుందో కొలిచినట్టే. నేను అప్పటికే చదివి ఉన్నాను కాబట్టి చెప్పగలిగాను. ఆ అమ్మాయి నా మొహం వంక చూసి, గొట్టం మీద అక్షరాలు చదివి, నవ్వి, ఎర్ర మూతది తీసింది.

ప్రభుత్వం సంగతి తక్కువలో చెప్తాను. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అత్యవసర జాబితాలో ఉన్న మనసు మందులన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి సర్కారు ఆసుపత్రులన్నింట్లో ఎప్పుడూ ఉచితంగా ఉండాలి. ఎవరైనా పేదవాళ్లు మీ కౌంటరు దగ్గర డబ్బులు లెక్కపెట్టుకుంటూ సగం అట్ట అడిగితే ఆ సంగతి చెప్పండి, జీజీహెచ్‌కి, అదే మన సర్కారు పెద్దాసుపత్రికి, వెళ్లి అడగమనండి. సగం అట్ట అడిగేవాడు మిగతా సగం రోజులు ఏం చేస్తాడో మీకు తెలుసు. ఇంకొకటి, 14416. టెలిమానస్ అని, మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోను సాయం. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. గోడ మీద బీపీ మిషను కంపెనీ క్యాలెండరు పక్కన ఆ నంబరు రాసిపెట్టండి.

2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు పన్నెండు రాష్ట్రాల్లో ఇంటింటి లెక్క తీశారు. బైపోలార్ ఉన్నవాళ్లలో డెబ్భై శాతం మందికి వైద్యమే అందడం లేదని తేలింది. ఆ పన్నెండులో మన రాష్ట్రం లేదు, అలాగని మన లెక్క వేరుగా ఉంటుందని నేననుకోను. మిగతా ముప్పై మందిలో నేనొకణ్ని, నాలాంటివాళ్లు మీ కౌంటర్ల దగ్గరికి వస్తూ ఉంటారు. చీటీ మడిచి చొక్కా జేబులోంచి తీస్తారు, ఎవరైనా తెలిసినవాళ్లు ఉన్నారేమోనని అటూ ఇటూ చూసి ఇస్తారు. అలా చూస్తే గుర్తుపట్టొచ్చు.

నా వంతు నేను ఏం చేస్తున్నానో కూడా చెప్పాలి, లేకపోతే మీకే పనులు పురమాయించినట్టుంటుంది. ఇప్పుడు చొక్కా జేబులో ఒక అట్టముక్క ఉంటుంది, నేను వాడే మందులన్నీ పవరుతో సహా రాసి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, పళ్ల డాక్టరైనా సరే, ముందు అది బల్ల మీద పెడతాను. మూడు నెలలకోసారి లిథియం, ఆరు నెలలకోసారి థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు తప్పడం లేదు. మా షావుకారుగారి కొడుకు పోయినేడు అయ్యప్ప మాల వేస్తూ "నువ్వూ వెయ్యి బాబాయ్, నలభై రోజులు మందులు మానేస్తే ఒళ్లు శుభ్రపడుతుంది" అన్నాడు. స్వామికి నా జబ్బు సంగతి తెలుసులే, ఆయన ఒప్పుకుంటాడు, బిళ్లలతోనే వేస్తాను అన్నాను. వేశాను.

లిథియంతో పాటు ఇవ్వకూడని మందుల పేర్లు, అడగాల్సిన రెండు ప్రశ్నలు, 14416 నంబరు ఒక కాగితం మీద తెలుగులో రాశాను. మా డాక్టరుగారు చూసి రెండు దిద్దుబాట్లు చేసి సరేనన్నారు. ఆదివారాలు మధ్యాహ్నం ఒక్కో వీధి తిరుగుతూ వస్తున్నాను, అరండల్‌పేట అయిపోయింది, వచ్చే వారం కొరిటెపాడు. కౌంటరు లోపలివైపు, మీ కుర్రాళ్లకి కనబడేచోట అంటించుకోండి, బయటివైపు వద్దు. కింద పేరు రాయలేదు, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. నా పేరు కావాలంటే చీటీ మీద ఉంటుంది, మీరు చూసేదే. కాగితం జిరాక్సు తీయించలేదు, ఒక్కొక్కటీ చేత్తోనే రాస్తున్నాను, కాబట్టి అంకెలు కొంచెం వంకరగా ఉంటాయి. ఎనిమిది ముఖ్యంగా. చదవొచ్చు.

ఇట్లు,
మిర్చి యార్డు గుమాస్తా,
గుంటూరు